ఎర్ర బటన్ నొక్కాక మొదలైన మోటారు

బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో పనిలో చేరిన కొత్తలో నా చేతికిచ్చిన మొదటి బగ్ ఇది. నీళ్ళ పంపులు నడిపే కంట్రోల్ ప్యానెల్. పచ్చ బటన్ నొక్కితే 5 సెకన్లు ఆగి మోటారు మొదలవ్వాలి. ఆ 5 సెకన్లలోపు ఎర్ర బటన్ నొక్కితే అసలు మొదలవ్వకూడదు. ఇంతే పని. టెస్ట్ బెంచి మీద ఆ రెండు బటన్లనూ రాత్రింబవళ్ళు తనంతట తానే నొక్కే జిగ్ ఒకటి పెట్టాం. వేల సార్లు సరిగ్గా నడిచేది. రెండు మూడు రోజులకోసారి మాత్రం, ఎర్ర బటన్ నొక్కాక, మోటారు మొదలయ్యేది.

పంపు దగ్గర ఒక మనిషి చెయ్యి పెట్టి ఉంటాడేమో అన్న ఆలోచన వస్తే నాకు నిద్రపట్టేది కాదు.

కోడ్‌లో అక్కడక్కడా, ఏం జరుగుతోందో రాసిపెట్టే లాగ్ లైన్లు పెట్టి చూశాను. బగ్ మాయం. తీసేశాను. మూడో రోజుకి మళ్ళీ ప్రత్యక్షం. మా సీనియర్ ధర్మవరం ఆయన. టీ గ్లాసు పక్కన పెట్టి నా స్క్రీన్ వైపు చూశాడు.

"లాగ్ పెడితే రావట్లేదన్నా. తీస్తే వస్తోంది."

"ఆ లాగ్ లైన్‌కి ఎంత టైమ్ పడుతుందిరా?"

"ఒక మిల్లీసెకను ఉంటుందేమో."

"మరి ఆ మిల్లీసెకను ఈ కోడ్‌లో ఎక్కడ రాసుందో చూపించు."

ఎక్కడా రాసిలేదు. కోడ్‌లో ఏ పని తర్వాత ఏ పని అన్నదే ఉంది. ఎప్పుడు అన్నది లేదు. ఆ ప్రశ్న పట్టుకునే నేను సింక్రనస్ ప్రోగ్రామింగ్ భాషల దాకా వెళ్ళాను. ఎంబెడెడ్ పనిలో, అంటే యంత్రాల్లో ఇమిడి ఉండే కంప్యూటర్లకి కోడ్ రాసే పనిలో, ఉన్న ప్రతి తెలుగువాడికీ వీటి గురించి తెలియాలని నా కోరిక. రోజూ వాడకపోయినా సరే, ఆ ఆలోచన తెలిస్తే కోడ్ చూసే కన్నే మారుతుంది.

ముందు ఆ బగ్ సంగతి తేల్చేద్దాం. ప్యానెల్ కోడ్‌లో రెండు టాస్కులు, అంటే ప్రాసెసర్‌ని వంతులవారీగా వాడుకునే రెండు పనులు, ఉండేవి. ఒకటి బటన్లు చూసేది, రెండోది టైమర్. రెండింటికీ ఉమ్మడిగా 'అనుమతి' అనే వేరియబుల్. 5 సెకన్లు అయిపోగానే టైమర్ టాస్కు అనుమతి ఉందా అని చూసి, ఉంటే రిలే (మోటారుకి కరెంటిచ్చే స్విచ్) ఆన్ చేస్తుంది. ఎర్ర బటన్ పడితే బటన్ టాస్కు అనుమతి తీసేసి, రిలే ఆఫ్ చేస్తుంది. విడివిడిగా చదివితే రెండూ సవ్యంగానే ఉన్నాయి. ఇప్పుడు ఇలా ఊహించండి. టైమర్ టాస్కు అనుమతి చూసింది, ఉంది. రిలే ఆన్ చేయబోయేలోపు ప్రాసెసర్ దాన్ని పక్కకు తప్పించి బటన్ టాస్కుకి అవకాశం ఇచ్చింది. బటన్ టాస్కు అనుమతి తీసేసింది, రిలే ఆఫ్ చేసింది, తప్పుకుంది. టైమర్ టాస్కు మళ్ళీ వచ్చి, తను ఇందాక చూసింది ఇంకా నిజమే అనుకుని, రిలే ఆన్ చేసింది.

సిగ్నళ్ళని గీతలుగా చూపే ఆసిలోస్కోప్ మీద ఇది ఒక్కసారి కంటికి చిక్కింది. పసుపు గీత ఎర్ర బటన్, నీలం గీత రిలేకి వెళ్ళే సిగ్నల్. పసుపు గీత లేచింది. నీలం గీత కిందే ఉండాలి. కొన్ని మైక్రోసెకన్ల తర్వాత లేచి, అలాగే నిలబడిపోయింది. ఆ కాస్త సందులోనే అంతా జరిగిపోయింది. లాగ్ లైన్ పెట్టినప్పుడు టాస్కుల వరస కొద్దిగా జరిగి ఆ సందు మూసుకుపోయేది, అందుకే బగ్ కనిపించేది కాదు.

దీన్ని రేస్ కండిషన్ అంటారు. తాళం, అంటే లాక్, వేసి దీన్ని ఆపొచ్చు. నిజానికి మేం ముందు చేసింది కూడా అదే. కానీ రెండు టాస్కులు ఇరవై అయితే, ఉమ్మడి వేరియబుళ్ళు వందైతే, ఏ తాళం ఎక్కడ మర్చిపోయామో ఎవరు చూస్తారు? ఇది మా ఒక్క ప్యానెల్ గొడవ కాదు. 1985 నుంచి 1987 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చిన ఆరు ఘటనలు బయటపడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆపరేటర్ తెర మీద వివరాలు చకచకా దిద్దినప్పుడు టాస్కుల మధ్య పుట్టిన రేస్ కండిషన్ దాని కారణాల్లో ఒకటి. నెమ్మదిగా టైప్ చేసి పరీక్షించిన వాళ్ళకి అది కనిపించలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1985లో, డేవిడ్ హారెల్, అమీర్ ప్నూఎలి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తేడా స్పష్టంగా చెప్పారు. బ్యాంకు వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రాం ఒక రకం. అంకెలు తీసుకుంటుంది, జవాబిస్తుంది, పని ముగుస్తుంది. రియాక్టివ్ వ్యవస్థ వేరు. దానికి ముగింపు లేదు. చుట్టూ ఉన్న ప్రపంచం ఏదో అంటూ ఉంటుంది, అది బదులిస్తూ ఉండాలి. జెరార్ బెరీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని ఇంకాస్త విడదీశాడు. రైలు టికెట్ బుకింగ్ కూడా మనతో మాట్లాడుతుంది, కానీ తనకు వీలైనప్పుడు జవాబిస్తుంది, మనం గుండ్రంగా తిరిగే బొమ్మ చూస్తూ కూర్చుంటాం. రియాక్టివ్ వ్యవస్థలో అలా కుదరదు. అక్కడ వేగం నిర్ణయించేది బయటి ప్రపంచం.

మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకి హెచ్ఏఎల్ విమానాశ్రయం నుంచి లేచే తేజస్ యుద్ధవిమానం మోత కొత్త కాదు. 2001 జనవరి 4న అది తొలిసారి గాల్లోకి లేచింది బెంగళూరులోనే. ఒడుపుగా మలుపులు తిరగడం కోసం దాని సహజ స్థిరత్వాన్ని కావాలనే తగ్గించి డిజైన్ చేశారు. కాబట్టి పైలట్ చేతులొక్కటే దాన్ని నిలబెట్టలేవు. పైలట్ ఆదేశాల్ని కంప్యూటర్ల ద్వారా రెక్కలకి చేర్చే నాలుగు వరసల డిజిటల్ ఫ్లై-బై-వైర్ వ్యవస్థ క్షణక్షణం సరిదిద్దుతూ ఉండాలి. గాలి తోసినప్పుడు 'కొంచెం ఆగు, లోడ్ అవుతోంది' అనడానికి లేదు. రియాక్టివ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

ఇలాంటి వాటికి కోడ్ రాయడానికి థ్రెడ్లు (మా టాస్కుల్లాంటివే), తాళాలు సరైన పనిముట్లు కావని 1980లలో ఫ్రాన్స్‌లో మూడు బృందాలకు ఇంచుమించు ఒకేసారి అనిపించింది. దక్షిణాన బెరీ బృందం చేసిన భాష ఎస్టరెల్. అక్కడి కొండల పేరే దానికి పెట్టారు. ఒక పోటీ కోసం రోబో కారు చేస్తున్న జాన్-పాల్ మార్మోరా, జాన్-పాల్ రిగోలకు తాము అనుకున్నది చెప్పడానికి ఉన్న భాషలేవీ సరిపోకపోవడం దాని పుట్టుకకి మూలం. గ్రెనోబ్ల్‌లో పాల్ కాస్పి, నికొలా హాల్బ్‌వాక్స్ చేసింది లస్టర్. రెన్ నగరంలో పాల్ లె గెర్నిక్, ఆల్బెర్ బెన్వెనిస్త్ చేసిన భాష పేరే సిగ్నల్. మూడింటి రూపురేఖలు వేరైనా పునాది ఒకటే.

ఆ పునాది అర్థం కావాలంటే నాకు చెక్కభజన గుర్తుకు తెచ్చుకోవడం కన్నా దగ్గర దారి కనిపించదు. మాది అనంతపురం వైపు పల్లె, శ్రీరామనవమికి చెక్కభజన చూస్తూ పెరిగాను. ఇరవై మంది గుండ్రంగా నిలబడతారు, చేతుల్లో చెక్కలు, కాళ్ళకి గజ్జెలు. గురువు పాట అందుకుంటాడు. దెబ్బ పడగానే ఇరవై జతల చెక్కలూ ఒక్కటై మోగుతాయి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య చూడండి. ఒకడి చెయ్యి ముందు లేస్తుంది, ఇంకొకడిది వెనక. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఎవరి దారి వాళ్ళది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోనవసరమూ లేదు. లెక్కలోకి వచ్చేది దెబ్బ పడే క్షణమే. గురువు అడుగు మార్చమని సైగ చేస్తే తర్వాతి దెబ్బకి అందరూ మారతారు. సగంమంది పాత అడుగులో, సగంమంది కొత్త అడుగులో ఉండే క్షణమంటూ ఉండదు.

సింక్రనస్ భాషల్లో కాలం ఇలాగే దెబ్బలు దెబ్బలుగా నడుస్తుంది. ఒక్కో దెబ్బని టిక్ అందాం. టిక్ మొదట్లో ఇన్‌పుట్లన్నీ ఒకేసారి చదువుతారు. ఎర్ర బటన్ ఈ టిక్‌లో ఉందంటే ప్రోగ్రాంలోని ప్రతి భాగానికీ ఉన్నట్టే, లేదంటే అందరికీ లేనట్టే. ఒకరికి ఉండి ఇంకొకరికి లేకపోవడం కుదరదు. ఆ టిక్‌కి సంబంధించిన లెక్కంతా ఆ టిక్‌లోనే ముగుస్తుంది, అవుట్‌పుట్లు అదే టిక్‌లో బయటికి వెళతాయి. ప్రోగ్రామర్ దృష్టిలో ఆ లెక్కకి పట్టే సమయం సున్నా.

'సున్నా' అనగానే చాలామంది ఇంజనీర్లు ముఖం చిట్లిస్తారు. ఏ లెక్కకైనా సమయం పడుతుంది కదా! పడుతుంది. చెక్కభజనలో చెయ్యి లేపడానికీ సమయం పడుతుంది. తర్వాతి దెబ్బలోపు చెయ్యి లేచిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. డిజిటల్ సర్క్యూట్లు చేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. క్లాక్ అంచుకీ అంచుకీ మధ్య తీగల్లో విలువలు అటూ ఇటూ ఊగుతాయి, తర్వాతి అంచు వచ్చేసరికి కుదురుకుంటే చాలు. ఇక్కడా అంతే. టిక్ 10 మిల్లీసెకన్లు అనుకుంటే, ఒక్క టిక్ లెక్కకి ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా పట్టే గరిష్ఠ సమయం అంతకన్నా తక్కువని నిరూపించాలి. నిరూపించారా, ఇక కోడ్ రాసేటప్పుడు దాన్ని మర్చిపోవచ్చు. టైమింగ్ అనే సమస్య కోడంతా చల్లినట్టు ఉండకుండా ఒకే చోట కొలిచి చూసుకునే అంకెగా మారిపోతుంది. ఈ భాషల గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు మన ప్యానెల్‌ని లస్టర్ పద్ధతిలో రాద్దాం. అసలు భాషలో మాటలు వేరు, వరస మాత్రం ఇదే:

అనుమతి = (పచ్చ లేదా (అబద్ధం -> గత అనుమతి)) మరియు కాదు ఎర్ర
లెక్క = అనుమతి ఉంటే (0 -> గత లెక్క) + 1, లేకపోతే 0
మోటారు = అనుమతి మరియు (లెక్క >= 500)

'గత' అంటే కిందటి టిక్‌లోని విలువ. బాణం గుర్తు మొట్టమొదటి టిక్ కోసం. అప్పటికి గతం ఏమీ ఉండదు కాబట్టి బాణానికి ఎడమవైపున్నది తీసుకుంటుంది. మొదటి లైన్ చదవండి. పచ్చ నొక్కి ఉన్నా, కిందటి టిక్‌లో అనుమతి ఉన్నా, ఇప్పుడు ఎర్ర నొక్కకపోతే అనుమతి ఉన్నట్టు. పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా మూత తీసి చూసినవాళ్ళు దీన్ని వెంటనే గుర్తుపడతారు. పచ్చ బటన్ మీద నుంచి వేలు తీసేశాక కూడా కాంటాక్టర్ తన కాంటాక్టు ద్వారానే తను పట్టుకుని ఉంటుంది, ఎర్ర బటన్ ఆ దారిని తెంపుతుంది. ఎలక్ట్రీషియన్లు హోల్డింగ్ అనేది దీన్నే. మన రైతులకి దశాబ్దాలుగా తెలిసిన వైరింగ్ ఒక్క సమీకరణంలో ఒదిగిపోయింది. ఇది కాకతాళీయం కాదు. కంట్రోల్ ఇంజనీర్లు గీసుకునే బ్లాక్ బొమ్మల్లాగే, సర్క్యూట్‌లాగే ప్రోగ్రాం ఉండాలన్నది లస్టర్ చేసినవాళ్ళ ఉద్దేశం.

మా సీనియర్ అడిగిన ప్రశ్నకి జవాబు రెండో లైన్లో, మూడో లైన్లో ఉంది. 10 మిల్లీసెకన్ల టిక్కులు 500 అంటే 5 సెకన్లు. సమయం కోడ్‌లో కనబడుతోంది.

ఇంకో సంగతి. లస్టర్‌లో ఒక పేరుకి ఒకే సమీకరణం ఉంటుంది. మోటారుని ఆన్ చేసే లైన్ ఒక ఫైల్‌లో, ఆఫ్ చేసే లైన్ ఇంకో ఫైల్‌లో ఉండటం అసాధ్యం. మోటారు ఎప్పుడు తిరుగుతుందో తెలుసుకోవాలంటే చూడాల్సింది ఒక్క చోటే. ఈ మూడు లైన్లనీ మీరు తలకిందులుగా రాసినా తేడా లేదు. దేనికి ఏది కావాలో, మనం రాసినదాన్ని తర్జుమా చేసే కంపైలర్ చూసుకుని, అనుమతి ముందు, లెక్క తర్వాత, మోటారు చివర అని పేర్చి, సీ భాషలో ఒకే ఒక్క ఫంక్షన్ ఇస్తుంది. టిక్‌కి ఒకసారి దాన్ని పిలిస్తే చాలు. థ్రెడ్లు లేవు, తాళాలు లేవు. ఎంత మెమరీ కావాలో ముందే తెలుస్తుంది.

పీణ్యాలో పీఎల్‌సీలు, అంటే ఫ్యాక్టరీ యంత్రాలు నడిపే కంట్రోలర్లు, ప్రోగ్రాం చేసే మిత్రులు ఇది విని 'మేం రోజూ చేసేది ఇదేగా' అంటారు. నిజమే. ఇన్‌పుట్లు చదువు, లాడర్ (నిచ్చెన బొమ్మలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రాం) నడుపు, అవుట్‌పుట్లు రాయి అనే స్కాన్ సైకిల్ ఇదే కుటుంబానిది. కాకపోతే లాడర్‌లో ఒకే కాయిల్‌ని, అంటే ఒకే అవుట్‌పుట్‌ని, రెండు చోట్ల రాసేసి, కిందిది పైదాన్ని కొట్టేయడం చూస్తుంటాం. లస్టర్ దాన్ని కంపైల్ కానివ్వదు.

అలాగే ఈ నగరంలో ఆటోమొబైల్ కంపెనీల కోసం సిమ్యులింక్ అనే బ్లాక్ బొమ్మల టూల్‌లో మోడళ్ళు గీసే తెలుగు ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. మీరు వాడే యూనిట్ డిలే బ్లాకు ఈ 'గత' అనే మాటే. మిమ్మల్ని విసిగించే ఆల్జీబ్రాయిక్ లూప్ ఎర్రర్ ఎక్కడి నుంచి వస్తుందో కాసేపట్లో చెబుతాను.

లస్టర్ సమీకరణాల భాష. ఎస్టరెల్ అలా ఉండదు, పనుల వరస చెప్పినట్టు ఉంటుంది. ఇప్పుడు ఏ రోడ్డు మీద చూసినా ఎలక్ట్రిక్ స్కూటర్లే కాబట్టి ఆ ఉదాహరణే తీసుకుందాం. సైడ్ స్టాండ్ తీయాలి, బ్రేక్ నొక్కాలి, ఏది ముందైనా ఫర్వాలేదు. రెండూ జరిగాక 'రెడీ' అనాలి. కీ ఆఫ్ చేస్తే మళ్ళీ మొదటికి. అసలు స్కూటర్‌లో ఇంకా చాలా షరతులుంటాయి, మనకి ఇవి చాలు.

మళ్ళీ మళ్ళీ
  [ స్టాండ్ కోసం ఆగు || బ్రేక్ కోసం ఆగు ];
  రెడీ పంపు
కీఆఫ్ వచ్చినప్పుడల్లా మొదటి నుంచి

రెండు నిలువు గీతలంటే రెండూ పక్కపక్కనే నడుస్తాయి. రెండూ ముగిసిన టిక్‌లోనే రెడీ వెళుతుంది. దీన్నే మామూలు స్టేట్ మెషీన్‌గా గీస్తే నాలుగు స్థితులు కావాలి. ఏదీ జరగలేదు, స్టాండ్ ఒక్కటే అయింది, బ్రేక్ ఒక్కటే అయింది, రెండూ అయ్యాయి. హెల్మెట్ సెన్సర్ కూడా చేర్చమన్నారనుకోండి. ఎస్టరెల్‌లో ఇంకో నిలువు గీతల జత, ఇంకో 'ఆగు', అంతే. స్టేట్ మెషీన్ బొమ్మలో మాత్రం నాలుగు స్థితులు ఎనిమిదవుతాయి. పది షరతులైతే 1024. ప్రతి స్థితి నుంచీ కీ ఆఫ్‌కి ఒక బాణం గీయాలి, ఒక్కటి మర్చిపోయినా బగ్గే. చెప్పాల్సింది ఒక్క లైన్ పెరిగినప్పుడు కోడ్ కూడా ఒక్క లైనే పెరగాలి. బెరీ బృందం పట్టుదలంతా దీని మీదే.

ఇక్కడ నాకు బాగా నచ్చే సూక్ష్మం ఒకటుంది. స్టాండ్ ముందే తీసేశారు, ఇప్పుడు బ్రేక్, కీ ఆఫ్ రెండూ ఒకే టిక్‌లో వచ్చాయి. రెడీ వెళ్ళాలా? థ్రెడ్లతో రాస్తే ఆ రోజు అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఎస్టరెల్‌లో జవాబు భాషలోనే ఉంది. బయట చుట్టిన కీ ఆఫ్‌దే పైచేయి, లోపలున్న పని ఆ టిక్‌లో అసలు నడవదు, రెడీ వెళ్ళదు. ఇన్‌పుట్లు అవే అయితే ఎన్నిసార్లు నడిపినా, లాగ్ లైన్ పెట్టినా తీసినా, అవుట్‌పుట్లు అవే. డిటర్మినిజం అనే పెద్ద మాటకి అర్థం ఇదే.

ఇంత సుఖం ఊరికే రాదు. లెక్కంతా ఒక్క క్షణంలోనే జరుగుతుందన్నప్పుడు ఒక కొత్త చిక్కు పుడుతుంది. ఎవరైనా ఇలా రాశారనుకోండి: 'అలారం లేకపోతే అలారం పంపు.' ఈ టిక్‌లో అలారం ఉందా? లేదంటే పంపాలి, అప్పుడు ఉన్నట్టు. ఉందంటే పంపేవాళ్ళు లేరు, అప్పుడు లేనట్టు. జవాబే లేదు. తిప్పి 'అలారం ఉంటే అలారం పంపు' అని రాస్తే ఉన్నా సరిపోతుంది, లేకపోయినా సరిపోతుంది. జవాబులు రెండు. ఇవి చిన్న ఉదాహరణలు కాబట్టి కంటికి కనబడుతున్నాయి. పెద్ద ప్రోగ్రాంలో ఈ చుట్టు పది మాడ్యూళ్ళ గుండా తిరిగి వస్తుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఈ సమస్యకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

లస్టర్ దీన్ని సూటిగా తెంచేస్తుంది. ఒక విలువ చుట్టూ తిరిగి తన మీదే ఆధారపడితే, ఆ చుట్టులో ఎక్కడో ఒక చోట 'గత' ఉండి తీరాలి. పెళ్ళి ఈ రోజు, పిచ్చి నిన్నటిది అయితే పేచీ లేదు కదా. లేకపోతే కంపైలర్ ఒప్పుకోదు. సిమ్యులింక్‌లో ఆల్జీబ్రాయిక్ లూప్‌ని యూనిట్ డిలే పెట్టి తెంచమని సీనియర్లు చెప్పే చిట్కా వెనకున్నది ఇదే. ఎస్టరెల్ ఇంకాస్త ఉదారంగా ఉంటుంది. ఊహించకుండా, తెలిసిన దాని నుంచి తెలియని దానికి ఒక్కో అడుగు వేసుకుంటూ వెళ్ళి ప్రతి సిగ్నల్ ఉందో లేదో తేల్చగలిగితే ఒప్పుకుంటుంది, తేల్చలేకపోతే తిప్పి పంపుతుంది. బెరీ ఈ నియమాన్ని కన్‌స్ట్రక్టివ్ సెమాంటిక్స్ అన్నాడు. తీగల్లో కరెంటు ఒక స్థిరమైన విలువకి వచ్చి కుదురుకునే సర్క్యూట్లకీ ఈ నియమానికీ దగ్గరి సంబంధం ఉంది. మొదట్లో ఈ ఎర్రర్లు చూసి చాలామంది విసుక్కుంటారు. మూడో రోజుకి బెంచి మీద బయటపడాల్సిన గందరగోళం కంపైల్ చేసిన క్షణంలోనే బయటపడుతోందని గుర్తుపెట్టుకుంటే ఆ విసుగు పోతుంది.

అన్ని విలువలూ ప్రతి టిక్‌లో రావాలని కూడా లేదు. మోటారు కరెంటు ప్రతి టిక్‌లో కొలవాలి, వేడి వంద టిక్కులకోసారి చూస్తే చాలు. సంగీతంలో మొదటి కాలం, రెండో కాలం ఉన్నట్టే ఇక్కడ ప్రతి విలువకీ ఒక నడక ఉంటుంది. నడక కలవని రెండు విలువల్ని కూడబోతే కంపైలర్ ఆపుతుంది.

ఇవన్నీ కలిసి ఒక పెద్ద లాభం తెస్తాయి. ప్రోగ్రాం సరైనదని నిరూపించడం తేలికవుతుంది. మా ప్యానెల్‌కి కావలసిన భద్రత ఇది:

క్షేమం = కాదు (ఎర్ర మరియు మోటారు)

ఇది కూడా అదే భాషలో ఇంకో సమీకరణం. దీన్ని ప్రోగ్రాం పక్కనే కాపలాగా పెట్టి, ఇది ఎప్పటికీ అబద్ధం కాదని నిరూపించమని ఒక టూల్‌కి ఇవ్వొచ్చు. ఇక్కడ టూల్ కూడా అక్కర్లేదు, చేత్తో చూడొచ్చు. ఎర్ర నిజమైతే అనుమతి అబద్ధం, అనుమతి అబద్ధమైతే మోటారు అబద్ధం. అయిపోయింది. మూడు వారాలు నన్ను ఏడిపించిన బగ్ ఈ ప్రోగ్రాంలో ఉండడానికి చోటే లేదని రెండు వాక్యాల్లో తేలిపోయింది. మొదటిసారి ఇది కాగితం మీద రాసుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

విమానాలు, అణు విద్యుత్ కేంద్రాలు చేసేవాళ్ళు ఈ దారికి వచ్చింది ఇందుకే. లస్టర్ మీద కట్టిన స్కేడ్ అనే టూల్ ఎయిర్‌బస్ ఏ380 ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కి వాడారు. బ్లాక్ బొమ్మ గీస్తే అది సీ కోడ్ ఇస్తుంది. విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178 కింద, అత్యంత కఠినమైన 'లెవెల్ ఏ' పనికి కూడా ఆ కోడ్ జనరేటర్ అర్హత పొందింది. 2017లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. వెలుస్ అనే లస్టర్ కంపైలర్‌ని, కంపైలర్ పొరపాటు చేయదన్న గణిత నిరూపణతో సహా, కాక్ అనే ప్రూఫ్ టూల్‌లో కట్టారు.

మరి ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వాడటం లేదు? కొన్ని కారణాలు న్యాయమైనవే. టిక్ 10 మిల్లీసెకన్లయితే రెండు టిక్కుల మధ్య వచ్చి పోయే 2 మిల్లీసెకన్ల పల్స్ కనబడకపోవచ్చు. దాన్ని హార్డ్‌వేర్‌లో పట్టి నిలపాలి, లేదా టిక్ తగ్గించాలి. కెమెరా బొమ్మలో మనిషి ఉన్నాడో లేడో చూసే లెక్కకి పదుల మిల్లీసెకన్లు పడితే, దాన్ని చిన్న టిక్‌లో ఇరికించలేం, పక్కన విడిగా నడపాలి. మల్టీకోర్ ప్రాసెసర్లలో కోర్‌లు మెమరీ కోసం పోటీపడతాయి కాబట్టి గరిష్ఠ సమయం లెక్కగట్టడమే ఒక పరిశోధన. అన్నిటికీ మించి, స్పెసిఫికేషనే తప్పైతే ఏ భాషా కాపాడదు. ఎర్ర బటన్‌కి పైచేయి ఉండాలని ముందు మనిషికి తోచాలి.

అసలు కష్టం రెండు బోర్డులున్నప్పుడు మొదలవుతుంది. రెండు ఊళ్ళ చెక్కభజన బృందాలు ఒక గురువు దెబ్బకి ఆడలేవు. ఆ పాట చేరేసరికే ఆలస్యం. కారులో పదుల కంట్రోలర్లుంటాయి, ప్రతిదానికీ తన క్లాక్. ఒక్కో కంట్రోలర్ లోపల ఒకే లయ, బయట కబుర్లు ఎప్పుడు చేరితే అప్పుడు. ఈ చిక్కు మీద మనవాళ్ళూ పనిచేశారు. 1993లో బెరీతో కలిసి ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన ఆర్.కె. శ్యామసుందర్, ఐఐటీ బాంబేకి చెందిన ఎస్. రమేష్, సింక్రనస్ ద్వీపాలు ఒకదానితో ఒకటి అసింక్రనస్‌గా మాట్లాడుకునే పద్ధతిని ప్రతిపాదించారు. ఆ తర్వాత బాష్ పరిశోధకుల బ్లెచ్, బర్క్‌లీలో మొదలైన లింగువా ఫ్రాంకా అనే భాషలు ఈ ఆలోచనలనే కొత్త హార్డ్‌వేర్‌కి తెచ్చాయి.

మా కంపెనీలో స్కేడ్ కొనే స్తోమత లేదు. లస్టర్ కంపైలర్ తెచ్చి పెడదామంటే కస్టమర్ ఒప్పుకోలేదు. అయినా సీ భాషలోనే ఆ క్రమశిక్షణ పెట్టుకున్నాం. 10 మిల్లీసెకన్ల టైమర్ ఒక్కటే. అది మోగగానే ఇన్‌పుట్లన్నీ ఒక స్ట్రక్చర్‌లోకి కాపీ, తర్వాత ఒకే ఫంక్షన్, చివర అవుట్‌పుట్లన్నీ ఒకేసారి. ప్రతి అవుట్‌పుట్‌కీ రాసే లైన్ ఒక్కటే ఉండాలని కోడ్ రివ్యూలో పట్టుబట్టాం. ఆ రివ్యూల్లో గొడవలు కూడా అయ్యాయి. పాత కోడ్‌లో రిలేని ముట్టుకునే లైన్లు పదకొండు బయటపడ్డాయి. అవన్నీ తీసి ఒకటి చేయడానికి నాలుగు రోజులు పట్టింది.

పోయినేడాది ఆ ప్యానెల్‌కి రెండో బోర్డు చేరింది, మధ్యలో కబుర్లు మోసే క్యాన్ తీగ. ఎర్ర బటన్ మొదటి బోర్డు మీద, రెండో పంపు రెండో బోర్డు కింద. ఈ క్షణమే ఆగాలి అన్న మాట ఇక్కడ చెల్లదు, కబురు చేరాలి కదా. ఎంతలో చేరుతుందో కొలిచాం, చేరకపోతే రెండో బోర్డు తనంతట తానే ఆగిపోయేలా పెట్టాం. ఇప్పుడు ఆ ఫైల్ ఎవరు తెరిచినా పైన మొదట కనిపించేవి రెండు లైన్లు: టిక్ 10 మిల్లీసెకన్లు, రెండో బోర్డుకి కబురు 3 టిక్కుల్లోపు, లేకపోతే మోటారు ఆఫ్.